పప్పు ఉడకని నీళ్ళు

చింతపండు పిప్పి పారేసినందుకు నేను తిన్న తిట్లు అన్నీ ఇన్నీ కావు. పచ్చిపులుసుకు చింతపండు పిసికినంక ఆ పిప్పి బోళ్ళు తోమే జాగల ఉన్న పగిలిన కంచుడులకు పోవాలె. ఇంకో తోవ లేదు. ఒకసారి నేను పెంటకుప్ప మీద ఇసిరేసి వస్తుంటె నాయనమ్మ చూసింది. "ఏమే, మీ తాత నీకేమన్న చింతతోపు రాసిచ్చి పోయిండా?" అని మొదలువెట్టి పొద్దుగూకేదాక ఆపలే. తాత పోయి అప్పటికి పదేండ్లాయె. పాపం ఆయనకు కూడ ఆ దినం తిట్లు పడ్డయి, బతికున్నప్పుడు తోపు సంపాయించనందుకు.

మాది మర్రిగూడ పక్కపొంటి చిన్న ఊరు. హైదరాబాదు నుంచి సాగర్ రోడ్డు పట్టుకొని వస్తె మాల్ దాటినంక లోపటికి మళ్ళాలె. 2016ల జిల్లాలు చీల్చినంక కూడ మేము నల్లగొండలనే ఉన్నం. అమ్మది ఆమనగల్లు దిక్కు, అంటె అప్పటి లెక్కల పాలమూరు పిల్ల. నేను చెప్పేదంత 1980ల సంగతి. ఇంట్ల పెత్తనం అమ్మది కాదు, నాయినది అసలే కాదు, నాయనమ్మదే. ఆమెకు అక్షరం రాదు. ఏ వస్తువుతోని ఏ వస్తువు బాగుపడ్తదో మాత్రం ఆమెను అడిగినంకనే ఎవరన్న.

పిప్పి దాచిపెట్టుడు ఎందుకంటె దసరకు ముందు ఇత్తడి తోముడుంటది. నాలుగు బిందెలు, ఒక రాగి కాగు, చెంబులు, దీపాల కుందులు, తాత తిన్న కంచు పళ్ళెం. అన్నీ తెచ్చి వాకిట్ల బోర్లేసేది. పిప్పిల పిడికెడు కల్లుప్పు, పిడికెడు బూడిద కలిపి ముద్ద చేసి నా చేతికి ఇచ్చేది. మొదటి రుద్దుడుకే ఆ నల్లటి చిలుము కారుకుంట పోయి కింద నుంచి ఇత్తడి పసుపుపచ్చగ తేలేది. చూస్తుంటె మనసు నిండేది గానీ, గోళ్ళ పక్కన ఎక్కడన్న చీరుకపోయి ఉంటె ప్రాణం పోయేటట్టు మండేది. కడిగినంక ఎంబడే పాత ధోతి గుడ్డతోని తుడిచి ఎండకు పెట్టాలె. నీళ్ళతోని వదిలేస్తె మచ్చలు పడ్తయి, మళ్ళ మొదటికి వస్తది పని. చింతపండుల టార్టారిక్ ఆమ్లం ఉంటదనీ, రాగి మీద పట్టిన చిలుమును అది కరగదీస్తదనీ నా బిడ్డ పదో తరగతి పుస్తకం చదువుకుంట చెప్తె తెలిసింది నాకు. నాయనమ్మకు ఆ పేరు చెప్తె, "ఏదైతేంది, పులుపే గదా" అనేదేమో.

బూడిదలల్ల కూడ కులాలుండేవి ఆమెకు. పిడకల బూడిద పనికిరాదు, గరుకుంటది, గీతలు పడ్తయి. కందికట్టె కాల్చిన బూడిదనే కావాలె. పాత చీర గుడ్డల పోసి జల్లించి డబ్బల పెట్టుకునేది. జిడ్డు బోళ్ళకు అదే సబ్బు. బూడిదల ఉండే క్షారం నూనెను పట్టుకొని నిజంగనే సబ్బు తీరుగ పనిచేస్తదట. కందీలు గ్లాసు తుడుచుడు మాత్రం నా వంతు. అది పుణ్యమో పాపమో గాదు, ఇంట్ల అందరిల నా చెయ్యి చిన్నది, గ్లాసుల పట్టేది. మాపటీలి పొద్దు వాలంగనే గడప మీద కూసొని గ్లాసులకు "హా" అని ఊది, ఆ చెమ్మ మీద చిటికెడు బూడిద అద్ది, పేపరు ముక్కతోని తిప్పేది. మసి మొత్తం పేపరుకు అంటుకొని గ్లాసు మాయమైనట్టు అయ్యేది. ఒక యాడాది నా చెయ్యి పెరిగి గ్లాసుల ఇరుక్కున్నది. సబ్బు నీళ్ళు పోసి మెల్లగ గుంజి, ఆ పని మా తమ్మునికి బదిలీ చేసిండ్రు. నాకు మస్తు బాధైంది ఎందుకో.

ఇగ ఆముదం సంగతి చెప్పకపోతె నాయనమ్మ సంగతి చెప్పినట్టే కాదు. మా చెల్కలల్ల వానకాలం పంటంటె ఆముదాలు, కందులు, జొన్నలు. నల్లగొండ, పాలమూరు జిల్లాలు ఆముదాలకు పెట్టింది పేరు. అమ్మంగ మిగిలినయి రెండు మానెలు పక్కకు తీసి, చలికాలం పని తక్కువ ఉన్న దినం చూసుకొని వంటాముదం తీసేది. గింజలు మంగలంల దోరగ ఏంచి, రోట్లె మెత్తగ దంచి, ఆ ముద్దను పెద్ద గంజుల నీళ్ళతోని పొయ్యి మీద పెట్టేది. మరుగుతుంటె నూనె మీదికి తేల్తది. గరిటెతోని మీదమీద తీసి ఇంకో గిన్నెల పోసి, చిటపట ఆగేదాక, అంటె తడి మొత్తం ఇంకేదాక, మళ్ళ కాచేది. ఆ వాసన ఒంటికి పట్టుకొని రెండు దినాలు పోదు. బడిల నా పక్కన ఎవరూ కూసునేటోళ్ళు కాదు ఆ రెండు దినాలు.

సీసలకు ఒంపినంక ఆ సీసకు పనిలేని దినమే లేదు. కిర్రుమనే తలుపు కీళ్ళకు, బండి ఇరుసుకు, పగిలిన మడిమెలకు, దీపానికి. అన్నిటికంటె ముఖ్యం కందిపప్పుకు. పప్పును ఎండల ఆరబోసి, ఇంట్లకు తెచ్చి చల్లారనియ్యాలె. ఉడుకుడుకు పప్పును డబ్బల పోస్తె చెమటపట్టి బూజు వస్తది. చల్లారినంక అరచేతులకు ఆముదం రాసుకొని, పప్పును పిసకొద్దు, పసిపిల్ల తలకు నూనె పెట్టినట్టు తిప్పాలె. అడ్డెడు పప్పుకు రెండు చెంచాలు, అంతే. ఎక్కువైతె ఉడికేటప్పుడు నురగ, వాసన. నూనె పొర ఉన్న గింజ మీద పురుగు పెట్టిన గుడ్డు బతకదు, ఇది శాస్త్రం తెలిసినోళ్ళు కూడ ఒప్పుకున్న మాటనే. ఇప్పటికీ మా వనస్థలిపురం ఇంట్ల పప్పుకు నేను ఆముదం రాస్తనే ఉంట. కొనుక్కొచ్చిన ఆముదానికి ఆ వాసన లేదు, ఒక రకంగ మంచిదే.

జొన్నల గుమ్మికి అడుగున ఒక వరస, నడుమ ఒక వరస యాపాకు. పచ్చిది వెయ్యరాదు, నీడకు ఎండబెట్టిందే వెయ్యాలె. విత్తనాలకైతె బూడిద కలిపి కుండల పోసి, మూతి మీద మట్టి, పేడ కలిపి మెత్తేది. తొలకరికి ఆ మూత పగలగొట్టుడు ఒక పండుగ మాకు.

మిగిలినయన్నీ చెప్పుకుంట పోతె తెల్లారుతది. మాపటీలి దీపం పెట్టినంక పక్కింటికి పోయి పాలతోడు అడగరాదు, ఇయ్యరాదు. తోడు లేనినాడు గోరువెచ్చని పాలల్ల ఎండుమిరపకాయ తొడిమెలు నాలుగు ఏసి పెట్టేది. తెల్లారేసరికి పెరుగు. జర పలచగుంటది, దానితోని మళ్ళ తోడేస్తె మరుసటి దినం గడ్డపెరుగు. తెల్లబడ్డ పలకకు బొగ్గు, దొండాకు కలిపి రుద్ది నల్లగ చేసిచ్చేది. అంగి మీద సిరా పడితె పెరుగు, ఉప్పు. సంచి జిప్పు పట్టేస్తె కొవ్వొత్తి. ప్లాస్టిక్ బొక్కెన పగిలితె పాత బొక్కెన ముక్క మీదపెట్టి, పొయ్యిల ఎర్రగ కాల్చిన కత్తితోని అతుకేసేది. మా ఇంట్ల ఒక ఎర్ర బొక్కెనకు పచ్చ అతుకు, నీలం అతుకు ఉండి, దాని అసలు రంగేదో మరిచిపోయినం. డాల్డా డబ్బ గురించి ప్రత్యేకంగ చెప్పాల్నా? ఆ కాలం ఇంట్ల పుట్టినోళ్ళందరికి తెలుసు అది మొదట వంటింట్ల చేరి చివరికి ఎక్కడ చేరుతదో.

అన్నీ బంగారమే అని చెప్పను. కాలితె పేడ పూసుడు, కోసుకపోతె బీడీ కట్ట కాయితం అంటించుడు, చెవిల చీమ పోతె తెల్వని ఆకుల పసరు పోసుడు, ఇయన్నీ ఆమె ఖాతలనే ఉన్నయి. నా ఎడమచేతి మీద ఇప్పటికీ మచ్చ ఉన్నది, రొట్టె పెంక తగిలింది దానికంటె మీద పూసిన మందుతోనే ఎక్కువైన మచ్చ. కాలితె చల్లటి నీళ్ళ ధార కింద పెట్టుడే మందు, దవాఖానకు పోవుడే మందు. అది నేను పిల్లలకు నేర్పిన. ఇల్లు బాగుచేసే ఉపాయం వేరు, ఒళ్ళు బాగుచేసే ఉపాయం వేరు. నాయనమ్మకు ఆ రెండిటి నడుమ గోడ లేకుండె. అందుకే నా నోట్లె పండ్ల సంగతి వచ్చింది.

దానికి ముందు నీళ్ళ సంగతి చెప్పాలె.

ఊరి నడుమ చేదబాయి ఉండె. వానకాలం మడ్డి నీళ్ళు, ఎండకాలం అడుగంటిన నీళ్ళు. మడ్డి నీళ్ళకు నాయనమ్మ చిల్లగింజ వాడేది. కుండ లోపటి గోడకు ఆ గింజను నీళ్ళతోని అరగదీసి నీళ్ళు పోస్తె పొద్దటికి మడ్డి మొత్తం అడుగుకు దిగేది. గింజ దొరకకపోతె పటిక బిళ్ళ నాలుగు తిప్పులు. ఆ మీద నాలుగు మడతల గుడ్డల వడగట్టేది. తర్వాత కరువు కాలంల సర్కారోళ్ళు ఊర్లల్ల బోర్లేసి చేతిపంపులు పెట్టిండ్రు. మేము దాన్ని బోరింగు అంటం. నేను పుట్టేటప్పటికే మా వాడకు వచ్చింది. అద్దం తీరుగ నీళ్ళు, యాడాది పొడుగు నీళ్ళు. చిల్లగింజ డబ్బ అటక మీదికి పోయింది. ఇంత తేట నీళ్ళకు ఇంక గింజెందుకు?

ఆ నీళ్ళతోని ఒకటే తకరారు. పప్పు ఉడకదు.

కందిపప్పు పొయ్యి మీద పెడితె కట్టెలు అయిపోవాలెగానీ అది మెత్తబడేది కాదు. పలుకు పలుకుగనే ఉండేది. కాగు లోపట తెల్లటి పొక్కు కట్టేది, దాన్ని మళ్ళ చింతపండు పిప్పితోనే వదిలించేది. నాయనమ్మ ఆ నీళ్ళతోని పెద్ద యుద్ధమే చేసింది. రాత్రే నానబెట్టింది. రెండు చుక్కల ఆముదం, చిటికెడు పసుపు ఏసి ఎసరు పెట్టింది. చింతపండు పులుసు ముందు పొయ్యొద్దు, పులుపు తగిల్తె పప్పు బిగుసుకపోతది, మెత్తబడ్డంకనే పొయ్యాలె అని అమ్మకు నేర్పింది. సోడ ఉప్పు ఏస్తె ఉడికేది గానీ రుచి పాడయ్యేది. "పప్పుడకని నీళ్ళు ఏం నీళ్ళే ఇవి" అనేది పొయ్యి ఊదుకుంట. అంతకంటె పెద్ద అనుమానం ఆ నీళ్ళ మీద మా ఇంట్ల ఎవరికీ రాలేదు.

నాకు ఏడెనిమిదేండ్లప్పుడు పాలపండ్లు ఊడి ముందటి పండ్లు కొత్తయి వచ్చినయి. వచ్చుడు వచ్చుడే మట్టిరంగు చారలతోని వచ్చినయి. అడ్డంగ, ఎవరో ఎర్రమన్నుల ముంచిన పుల్లతోని గీసినట్టు. నేను సరిగ్గ తోముకుంటలేనని మొదలు నా ఈపు మోగింది. తర్వాత మరమ్మతు మొదలైంది. యాపపుల్ల. బొగ్గు, ఉప్పు. నిమ్మచెక్క. మెత్తగ నూరిన ఇటుకపొడి. ఒక్కోటి వారం పది దినాలు. ఏదీ పనిచెయ్యకపోతె ఒక పొద్దున నన్ను బోళ్ళు తోమే జాగల కూసోబెట్టి, గదువ పట్టుకొని మొకం ఎండకు తిప్పి, కంచుడుల నుంచి చింతపండు పిప్పి, ఉప్పు తీసింది.

"ఇత్తడి బిందెకు పోయింది, నీ పన్నుకు పోదా?"

ఆమె బొటనవేలు నా ముందటి పన్ను మీద ఎట్ల తిరిగిందో ఇప్పటికీ తెలుస్తది నాకు. గోరు పక్కన గట్టిపడ్డ తోలు. చిగుర్లు చీరుకపోయి ఉప్పు మండింది. పండ్లు పులిసిపోయి రెండు దినాలు చల్లనీళ్ళు తాగితె జిల్లుమనేది, బువ్వ నమలలేకపోయిన. కడిగి, నా పై పెదవి లేపి, కండ్లు చిన్నగ చేసుకొని చూసింది. మళ్ళ చూసింది. "పోతలేదు" అన్నది. ఆమె నోట్లె నుంచి ఆ మాట ఇనుడు నాకు అదే మొదలు. ఇంట్ల దేనిగురించీ అట్ల అనలేదామె.

ఆ మాపటీలి వాకిట్ల గచ్చకాయలు ఆడుకుంటుంటె వచ్చి, "ఏదీ, అందరు ఇకిలియ్యుండ్రి" అన్నది. మా వాడ పిల్లలం ఏడుగురం నిలబడి పండ్లు చూపించినం. ఒక్కొక్కరి నోరు చూసుకుంట పోయి, ఏం మాట్లాడకుండ లోపటికి పోయింది. మళ్ళెప్పుడు నా పండ్లు తోమలేదు.

నేను ఆరో తరగతిల ఉండంగ పట్నం నుంచి డాక్టర్లు వచ్చిండ్రు. బడిల పిల్లల నోళ్ళు చూసి రాసుకున్నరు. తర్వాత రచ్చబండ కాడ పెద్దోళ్ళను పిలిచిండ్రు. గదువ ఛాతికి ఆనించుమన్నరు. చేతులు చాపి మెడ ఎనకకు పెట్టుమన్నరు. కింద ఒక రూపాయి బిళ్ళ ఏసి, మోకాళ్ళు వంచకుండ తియ్యుమన్నరు. చిన్న పనే. అయినా నలబై ఏండ్లు దాటినోళ్ళు ఒక్కొక్కరు వంగలేక నడుము పట్టుకొని నవ్వుకుంట పక్కకు పోతున్నరు. మా నాయనమ్మ వంతు వచ్చింది. ఆమె నడుము వంగక అప్పటికే ఏండ్లైంది. వాతం అనుకున్నం మేము, ఆమె కూడ వాతమనే వావిలాకు కాపడం పెట్టుకునేది. బిళ్ళ దిక్కు చూసింది. డాక్టరు దిక్కు చూసింది. తర్వాత కుడికాలు బొటనవేలు, పక్క వేలు నడుమ బిళ్ళను పట్టి, గోడకు చెయ్యి ఆనించుకొని, కాలు ఎనకకు మడిచి, చేతితోని అందుకున్నది. "మోకాలు వంచొద్దన్నవు గానీ కాలు వాడొద్దనలేదు గద సారూ" అన్నది.

ఊరంత ఇరగబడి నవ్వింది. డాక్టరు కూడ నవ్విండు, రూపాయి ఆమెకే ఇచ్చేసిండు. కాయితం మీద మాత్రం ఏదో రాసుకున్నడు.

ఇంట్ల కిందపడ్డ చీపురు, గిన్నె, నా పలక, అన్నీ ఆమె ఎన్నో దినాల సంది కాలుతోనే తీస్తున్నదని అప్పుడు గుర్తుకొచ్చింది నాకు. అది కూడ ఆమె ఉపాయాలల్ల ఒకటి అనుకున్న. ఉపాయమే. ఎందుకు అవసరం పడ్డదో అడగలేదు అంతే.

అసలు సంగతి తర్వాత తెలిసింది, కొంచెం కొంచెంగ, పేపర్లల్ల. మా దిక్కు భూమి కిందంత నల్లరాయి, ఎర్రరాయి. ఆ రాళ్ళ సందుల్ల ఏండ్ల తరబడి నిలిచిన నీళ్ళల్ల ఫ్లోరైడు కరుగుతది. లోతు బోరు నీళ్ళల్ల అది ఇంకా ఎక్కువుంటది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మా ఊర్లల్ల దానికి ఎన్నో రెట్లు తాగినం. పళ్ళ మీది పింగాణి తయారయ్యే వయసుల, అంటె ఎనిమిదేండ్ల లోపు, ఆ నీళ్ళు తాగితె మరక పన్నులోపటనే పడ్తది. మీది నుంచి ఎంత రుద్దినా పోదు. ఎముకలల్ల చేరితె కీళ్ళు, నడుము బిగుసుకపోతయి. మరగబెట్టి తాగుండ్రి అని చెప్పెటోళ్ళు మాకు. మరగబెడితె క్రిములు చస్తయి గానీ ఫ్లోరైడు పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడ్తది. మా అమ్మ కట్టెలు కొని మరీ మరగబెట్టింది మా తమ్మునికి.

నన్ను ఇప్పటికీ నిద్రపోనియ్యని సంగతి ఇంకోటున్నది. 1970లల్ల నాగపూర్‌ల ఉన్న నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు ఫ్లోరైడు తీసే పద్ధతి ఒకటి కనిపెట్టిండ్రు. దాని పేరే నల్లగొండ టెక్నిక్. మా జిల్లా పేరు ఆఫ్రికాల టాంజానియా దాక పోయింది ఆ పద్ధతితోని. పెద్ద యంత్రమేం కాదు అది. బొక్కెనల నీళ్ళు పోసి, పటిక, పటికల ఇరవయ్యో వంతు సున్నం, జర బ్లీచింగు పొడి ఏసి, మొదలు గిరగిర, తర్వాత మెల్లగ కలిపి, గంటసేపు కదపకుండ పెడితె అడుగుకు తెట్టె దిగుతది. మీది నీళ్ళు ఒంపుకొని తాగాలె. పటిక మా ఇంట్లనే ఉండె. సున్నం నాయనమ్మ ఆకువక్కల డబ్బలనే ఉండె. ఆమె తిప్పిన నాలుగు తిప్పుల పటికతోని మడ్డి దిగుతది గానీ ఫ్లోరైడు దిగదు, దానికి కొలత ఉంటది. ఆ కొలత మా ఊరికి వచ్చి ఆమెకు చెప్పినోళ్ళు లేరు. చెప్తె ఒక్క దినంల వాడ మొత్తానికి నేర్పేది. తెట్టెను దేనికి వాడుకోవాల్నో కూడ ఆలోచించేది, వద్దని చెప్పాల్సి వచ్చేది.

కృష్ణ నీళ్ళు మాకు దూరమా అంటె దూరం కాదు. నాగార్జునసాగర్‌కు 1955ల పునాదిరాయి పడ్డది మా జిల్లాలనే. ఎడమ కాలువ మిర్యాలగూడ దిక్కు పోయింది, మేము గడ్డ మీద ఉండిపోయినం. తర్వాత అక్కంపల్లి రిజర్వాయరు నుంచి హైదరాబాదుకు తాగునీళ్ళ పైపులు ఏసిండ్రు, 2004 సంది నీళ్ళు పోతున్నయి. సాగర్ రోడ్డు పక్కపొంటి ఆ పైపు పోతుంటె బస్సుల కూసొని చూసేది నేను. పెండ్లై వనస్థలిపురం వచ్చినంక నల్ల తిప్పితె వచ్చిన నీళ్ళు ఆ పైపువే. మొదటి దినం కుక్కర్ల పప్పు పెట్టి మూడు విజిల్లకే మూత తీస్తె వెన్న తీరుగ ఉడికి ఉన్నది. పొయ్యి కాడ నిలబడి ఏడ్చిన. మా ఆయన ఉల్లిగడ్డ కోస్తున్ననేమో అనుకున్నడు. ఊరికి మిషన్ భగీరథ నల్లాలు వచ్చేటప్పటికి నాయనమ్మ లేదు.

పెండ్లి అంటె గుర్తుకొచ్చింది. కాలువ కింది ఊర్లోళ్ళు మా దిక్కు పిల్లను చేసుకోనీకె ఎనకాముందాడేది. ఒక సంబంధమోళ్ళు వచ్చినప్పుడు ఆ పిలగాని మేనత్త పేపరు చేతికిచ్చి, "ఏదీ బిడ్డ, ఒక ముక్క చదువు" అన్నది. డిగ్రీ చదివినదాన్ని. చదువు చూస్తలేదు ఆమె, నోరు చూస్తున్నది. నేను పెదవులు దగ్గరపెట్టి చదివిన. ఆ సంబంధం పోయింది, మంచిగైంది, ఆ పిలగాడు ఇప్పుడు ఎట్లున్నడో నాకు తెలుసు.

చింతపండు మీద నాయనమ్మకున్న నమ్మకం పూర్తిగ తప్పు కూడ కాదంట. హైదరాబాదుల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు బడిపిల్లలకు దినాం పది గ్రాముల చింతపండు తినిపిచ్చి చూస్తె, మూత్రంల ఫ్లోరైడు ఎక్కువ బయటికి పోయిందని 2002ల రాసిండ్రు. పన్ను మీద రుద్దితె కాదు, కడుపులకు పోతె. అది చదివిన దినం పచ్చిపులుసు చేసుకొని రెండు గిన్నెలు తాగిన.

మిగిలింది వాననీళ్ళ సంగతి.

పప్పు కోసం నాయనమ్మ చేసిన యుద్ధంల ఆఖరికి గెలిచింది వానతోనే. ఆరుద్ర కార్తె వానలు మొదలైనంక, రెండు మూడు వానలు పోనిచ్చి, మబ్బు పట్టంగనే వాకిట్ల నాలుగు గుంజలకు ఉతికిన తెల్లచీర నాలుగు కొసలు కట్టేది. నడుమ కడిగిన గుండ్రాయి ఒకటి పెడితె చీర అక్కడ లోపటికి దిగేది. సరిగ్గ దాని కింద ఇత్తడి బిందె. వాన చీర మీద పడి, జారి, రాయి కాడికి వచ్చి, సన్నటి ధార కట్టి బిందెల పడేది. ఇంటి మీద గూనపెంకల నుంచి కారే నీళ్ళు వద్దు, మట్టి ఉంటదనేది. బిందె నిండంగనే తీసి ఇంకోటి పెట్టాలె, నేను గొంగడి కప్పుకొని ఆ పని చేసేది. నిండిన బిందెలు లోపటి అర్రల పెట్టి, మూతికి గుడ్డ కట్టి, దారం చుట్టేది. ఆ నీళ్ళతోని పప్పు పెడితె పది కట్టెలతోని అయిపోయేది. వాటి పేరే పప్పు నీళ్ళు మా ఇంట్ల. చెంబుతోని కొలిచి తీసేది, దసర దాక రావాలె మరి.

ఆకాశం నుంచి పడ్డ నీళ్ళల్ల ఫ్లోరైడు ఉండదు. రాయిని తాకని నీళ్ళు గద.

నాకు అప్పుడు ఆరేండ్లు ఉండొచ్చు, పాలపండ్లు ఇంకా ఊడలే. ఒక మధ్యాహ్నం అందరు పండుకున్నంక అర్రలకు పోయి దారం ఇప్పి, రాగి చెంబుతోని ముంచుకొని గటగట తాగిన. ఏ రుచి లేదు. ఉప్పదనం లేదు, సప్పదనం లేదు, గొంతుల ఏమీ తగలకుండ దిగినయి. రెండో చెంబు ముంచుతుంటె ఎనక నుంచి వచ్చి ఈపు మీద రెండు చరిచింది నాయనమ్మ. చెంబు గుంజుకొని, మిగిలిన నీళ్ళు మళ్ళ బిందెల ఒంపి, గుడ్డ కట్టుకుంట అన్నది:

"పప్పుకు పట్టిన నీళ్ళు తాగుతవానే? తాగనీకె బోరింగు లేదా?"